బిషప్పు అజరయ్య గారు – ఇంటి నిర్ణయములలో వాక్య జ్ఞానము

ఈ శతాబ్ది సంచికకు ఒక భక్తుని జీవితమును గూర్చి వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు దోర్నకల్లు బిషప్పు అజరయ్య గారి పేరు తప్ప మరొకటి నాకు తోచలేదు. ఆయనను గూర్చి మనవారు చెప్పుకొనే సంగతులు మూడు ఉన్నాయి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అంటారు. ఎడిన్‌బరో మహాసభలో మాట్లాడినవారు అంటారు. దోర్నకల్లు దేవాలయము కట్టించినవారు అంటారు. మూడూ నిజమే. కాని ఇవి విన్నవెంటనే, అంతటివారి సంగతి మనకెందుకులే అని ప్రక్కన పెట్టేస్తాము. నేను వ్రాయదలచినది వేరు. చదువు, పెండ్లి, ఉద్యోగము, డబ్బు, ఊరు మారుట – మన యిండ్లలో రాత్రులు నిద్ర పట్టనీయని విషయాలు ఇవే. ఆయన యింటికీ ఇవే వచ్చాయి. అప్పుడు ఆయన ఏమి చేశారన్నది చూద్దాము.

ముందుగా ఒక మాట. కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకొని, ఏడాది పొడుగునా దానిమీదనే ఆనుకొనేవారు మనలో ఉన్నారు. కళ్ళు మూసుకొని బైబిలు తెరచి, వేలు పడిన వచనమును బట్టి పిల్లకు సంబంధము ఖాయము చేసినవారూ ఉన్నారు. వారి భక్తిని నేను ఎగతాళి చేయను. అపొస్తలులు మత్తీయ కొరకు చీట్లు వేయలేదా అని అడిగేవారికి కూడా జవాబు ఉన్నది: పెంతెకొస్తు దినము తరువాత వారు మరల చీట్లు వేసినట్లు అపొస్తలుల కార్యములలో ఎక్కడా లేదు. అటు తరువాత వారు కూర్చుండి మాట్లాడుకొన్నారు, ప్రార్థించారు, లేఖనములు వెదకారు, పెద్దలను అడిగారు. సామెతల గ్రంథము జ్ఞానమును దాచబడిన ధనమువలె త్రవ్వి వెదకుమంటుంది. త్రవ్వుట ఒక పని, చీటీ తీయుట మరొక పని. నేను చదివినంతలో అజరయ్య గారు త్రవ్వినవారే.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళ దేశములో, తిరునల్వేలి ప్రాంతపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు యౌవనములో క్రీస్తును ఎరిగి, తరువాత పల్లె గురువైన వ్యక్తి. తల్లి ఎలెన్ గారు. చాలాకాలము ఎదురుచూచి ప్రార్థించిన తరువాత పుట్టిన కుమారుడు గనుక, హన్నా తన బిడ్డకు పెట్టినట్లే శామ్యూల్ అని పేరు పెట్టారు. అజర్యా అన్నది దానియేలు గ్రంథములో అగ్నిగుండములోనికి వెళ్ళిన ముగ్గురిలో ఒకరి పేరు. మన తెలుగువారి నాలుకమీద అది అయ్య చేరి అజరయ్య అయినది. అట్లు ఆయన పేరు కూడా మనదే అయిపోయినది.

బాల్యము పూర్తిగా దాటకమునుపే తండ్రిని పోగొట్టుకొన్నారు. తల్లి పెంపకములో, మిషను పాఠశాలలలో చదువుకొని మద్రాసు క్రైస్తవ కళాశాలకు వచ్చారు. అక్కడ గణితశాస్త్రము ఆయన విషయము. అయితే పట్టా పరీక్ష సమయానికి జబ్బుపడి పరీక్ష పూర్తి చేయలేకపోయారు. పట్టా రాలేదు. ఆ దినములలో బి.ఏ. అన్న రెండక్షరాలకు ఎంత విలువో మన తాతలకు తెలుసు. ప్రభుత్వ కొలువు, ఊరిలో గౌరవము, మంచి సంబంధము అన్నీ ఆ రెండక్షరాల వెంట నడచేవి. అజరయ్య గారు వాటికొరకు తిరిగి వెళ్ళలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యౌవనస్థుల మధ్య సేవకు చేరి, దక్షిణ దేశమంతా తిరుగుట మొదలుపెట్టారు. చదువు అక్కరలేదని ఆయన అనుకొన్నారని దీనిని చూపి ఎవరూ తమ పిల్లలను బడి మాన్పించవద్దు. దోర్నకల్లులో ఆయన మొదట పట్టుకొన్న పనులలో పాఠశాలలు ఉన్నాయి. పట్టా లేనంత మాత్రాన తనకు పిలుపు లేకుండా పోలేదని మాత్రము ఆయన గ్రహించారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. ఆయన వెళ్ళి అడిగినది కాదు.

పెండ్లి సంగతి 1898లో వచ్చినది. వధువు అన్బు మరియమ్మాళ్ శామ్యూల్ గారు. దక్షిణ భారతదేశములో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ కాలములో అంత చదువుకొన్న వధువును చేసుకొనేవారు ఆమె నగలు, ఆమె తండ్రి ఆస్తి కూడా లెక్క చూచేవారు. తిరునల్వేలి క్రైస్తవులలో కట్నము అప్పటికే బలముగా పాతుకొని ఉన్నది. మిషనరీలు ప్రసంగాలలో ఖండించేవారు, ఇండ్లలో బేరాలు సాగుతూనే ఉండేవి. ఈ యిద్దరూ కట్నము లేకుండా, ఆడంబరము లేకుండా పెండ్లి చేసుకొన్నారు. కట్నము తీసుకొనకూడదని బైబిలులో వ్రాసియున్నదా అని అడిగేవారిని నేను చాలామందిని చూచాను. ఆ మాట ఆ అక్షరాలతో లేదు. కాని భార్య యెహోవా దానమని నమ్మినవాడు ఆ దానమునకు పైన ధర కట్టించుకొంటాడా? ఒక్కొక్క పనికి ఒక్కొక్క వచనము వెదకక, వాక్యమంతటిలో ఉన్న మనస్సును తన మనస్సుగా చేసుకొనుట అంటే ఇదే.

అన్బు అమ్మగారు ఇంటికే పరిమితము కాలేదు. తరువాత దోర్నకల్లు పల్లెలలో స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ చాలా గొప్పది. భర్తతోకూడ ఎడ్లబండి మీద ఊరూరా తిరిగినవారు. ఆ పెండ్లి నగల లెక్కమీద జరిగియుంటే ఈ జంట నిజాము రాజ్యపు మారుమూలకు వచ్చేవారా? నాకు సందేహమే.

1902లో ఆయన సిలోను దేశములోని యాప్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తామే డబ్బు పోగుచేసి, సముద్రము దాటించి, భారతదేశపు తీరమునకు సువార్తికులను పంపుతున్నారు. తిరునల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది. దేవాలయాలు ఉన్నాయి, బడులు ఉన్నాయి, మూడు తరాల క్రైస్తవులు ఉన్నారు. అయినా తమ జిల్లా దాటి ఒక్కరినీ పంపలేదు. ఈ తేడా ఆయనను పొడిచినది. ఇంటికి తిరిగివచ్చి, ఒంటరిగా ఏమీ చేయక, స్నేహితులతోను సంఘ పెద్దలతోను మాట్లాడి ప్రార్థించారు. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘము స్థాపించబడినది. మనుషులు మనవారే, డబ్బు మనదే, నడుపువారు మనవారే అన్నది దాని నియమము. రెండు సంవత్సరముల తరువాత, 1905 క్రిస్మసు దినమున, సేరంపూరులో విలియం కేరీ గారి పాత గ్రంథాలయములో, దేశములోని వేర్వేరు సంఘములవారు కలిసి జాతీయ మిషనరీ సంఘము ఏర్పరచారు. అందులోను ఆయన ముఖ్యులు.

మొదటి సంఘమునకు ఏ ఊరికి పంపవలెనన్న ప్రశ్న వచ్చినది. తమ భాష మాట్లాడే పల్లెలు దగ్గరలోనే ఉన్నాయి. కాని సువార్త చేరని చోటు ఏదని విచారించి, మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారిని సంప్రదించి, నిజాము రాజ్యములోని దోర్నకల్లును ఎన్నుకొన్నారు. సింగరేణి బొగ్గు గనులకు రైలు దారి చీలే జంక్షను అది. చుట్టూ అడవి, చలిజ్వరాలు. భాష తెలుగు, వారికి పరభాష. 1904 నుండి తిరునల్వేలి సేవకులు అక్కడ పని మొదలుపెట్టారు.

ఈ సంఘమునకు అజరయ్య గారే కార్యదర్శి. ఊరూరా తిరిగి, ఎవరు వెళ్తారని యౌవనస్థులను అడిగేది ఆయనే. అడిగి అడిగి చివరికి ఆ ప్రశ్న అడిగినవానిమీదికే తిరిగినది. 1909లో వై.ఎం.సి.ఏ. పదవి విడిచిపెట్టి, గురువుగా అభిషేకము పొంది, భార్యా బిడ్డలతో దోర్నకల్లుకు వచ్చారు. ముప్పదియైదేండ్ల వయసు. దేశమంతటా పేరున్నవాడు. కలకత్తా, మద్రాసులలో పెద్ద సభలలో ఇంగ్లీషులో ప్రసంగించేవాడు. అట్టివాడు ఇప్పుడు అ ఆలు దిద్దుకొని, కూలివారి పల్లెలో వారు నవ్వకుండా తెలుగులో ప్రార్థన చెప్పుట నేర్చుకోవలసి వచ్చినది. నేర్చుకొన్నారు. ఆ తెలుగుతోనే ముప్పదియైదేండ్లు మనవారిని కాచారు.

ఉద్యోగపు మార్పు గూర్చి ప్రార్థన చేయమని మనలో చాలామంది పాస్టరు గారిని అడుగుతారు. అడుగుట మంచిదే. అయితే జీతము పెరిగే బదిలీకి మాత్రము దేవుని చిత్తము వెంటనే తెలిసిపోతుంది, తగ్గే దానికి ఏండ్లు గడచినా తెలియదు. ఇది ఎందుకో ఆలోచించవలసినదే.

1910లో స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వచ్చినవారు పన్నెండువందలకు పైగా, అత్యధికులు తెల్లవారు. ఆసియా సంఘముల నుండి వచ్చినవారు వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. విదేశ సేవకులకు, స్వదేశ సేవకులకు మధ్య సహకారమును గూర్చి మాట్లాడుమని అజరయ్య గారికి అప్పగించారు. కృతజ్ఞతలు చెప్పి, నాలుగు మంచి మాటలతో ముగించి ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆయన కృతజ్ఞత చెప్పారు, దానితో ఆగలేదు. మిషనరీలు ఆస్తి ఇచ్చారు, ప్రాణము ఇచ్చారు, కాని భారతీయ సహోదరుని తమతో సమానముగా కూర్చుండబెట్టుకొని స్నేహము ఇవ్వలేకపోయారని వారి ముఖముననే చెప్పారు. సభలో కొందరు నొచ్చుకొన్నారు, కొందరు తలలు వంచుకొన్నారు. ప్రేమ లేకపోతే త్యాగము కూడ వ్యర్థమని పౌలు కొరింథీయులకు వ్రాసిన అధ్యాయము ఆ ప్రసంగమునకు ఆధారము. ఆ అధ్యాయమును మనము పెండ్లిండ్లలో చదువుకొంటాము. ఆయన దానిని తన యజమానుల ముందు చదివారు.

రెండేండ్ల తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో ఆయన దోర్నకల్లు బిషప్పుగా అభిషేకించబడ్డారు. వైట్‌హెడ్ గారు ఈ ఆలోచన తెచ్చినప్పుడు వ్యతిరేకించినవారు తెల్లవారు మాత్రమే కారు. నల్లవాని చేతిక్రింద పని చేయలేమన్నవారు కొందరు. నాడారు కులమునుండి వచ్చినవానికి అంత పీఠమా అన్న భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. ఇంత మాట విని ప్రక్కకు తప్పుకొనుట వినయముగా కనబడేది. మన సంఘాలలో పదవి కొరకు ప్రాకులాడేవారు ఎందరో, పదవి మీదికి వచ్చినప్పుడు లోకము ఏమంటుందోనని పారిపోయేవారూ అందరే. ఆయన రెండూ చేయలేదు. అడగలేదు, అప్పగించినప్పుడు కాదనలేదు. అధ్యక్ష ఖండము తొలుత చిన్నది. 1920 దశాబ్దములో కృష్ణా, గోదావరి, నంద్యాల ప్రాంతములు కలిసి పెద్దదైనది. ఆయన చేతిక్రింద పని చేయలేమన్న మిషనుల వారే అప్పుడు ఆయన చేతిక్రింద పని చేశారు.

ఇక దోర్నకల్లు పల్లెలు. బిషప్పు గారు ఎడ్లబండిమీద, సైకిలుమీద తిరిగిన ఆ పల్లెలలో సంఘస్థులలో ఎక్కువమంది మాల మాదిగ కూలివారు. వెట్టి, వడ్డీ, కల్లు, రోగము – వీటి నడుమ బ్రదుకు. ఆయన నాలుగు దయ్యములను పేరుపెట్టి చెప్పేవారు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. వేదాంతము చదివినవానికి ఇది చిన్న జాబితాగా కనబడవచ్చు. కాని బాప్తిస్మము తీసుకొన్న కూలివాడు సోమవారము ప్రొద్దున ఎదుర్కొనే నిర్ణయాలు ఇవే గదా. పిల్ల పెండ్లికి షావుకారు దగ్గర వేలిముద్ర వేయవలెనా వద్దా? చావు దినమున కల్లు కుండ తేవలెనా వద్దా? పిల్లవానిని పశువుల వెంట పంపవలెనా, బడికి పంపవలెనా? ఇట్టి వాటిని సంఘ పెద్దలు, ఉపదేశి, గురువు కూర్చుండి తీర్చేటట్లు ఆయన సంఘమును కట్టారు. బుద్ధి చెప్పుటలో ఆయన కఠినులే. క్రమశిక్షణ క్రిందికి వచ్చి నొచ్చుకొన్నవారూ ఉన్నారు. కాని ఒంటరిగా ఆలోచించి అప్పులో కూలేవానికి, నలుగురు పెద్దలతో ఆలోచించుట నేర్పించుట కంటె పెద్ద మేలు ఏమి చేయగలడు? ఆలోచనకర్తలు ఎక్కువమంది ఉన్నచోట క్షేమమని సామెతలు చెప్పినది ఈ పల్లెకూటాలలో నిజముగా నడచినది.

బాప్తిస్మము తీసుకొనేవారు తమ చేయి తమ తలమీద పెట్టుకొని, తాము సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు అన్న మాటను తమ మాటగా పలికేటట్లు ఆయన నేర్పారు. చదువురాని తల్లి కూడ ఆ దినమునుండి సాక్షి. ఆమె నోరు, ఆమె నడత ఊరందరు చూచేవి. ఇట్లు మారిన నడతను చూచి, కృష్ణా గోదావరి మండలాలలోను నంద్యాల వైపునను ఇతర కులస్థులు కూడ వేలకొలది సంఘములోనికి వచ్చారు. నిన్నటి దాకా ఎవరి నీడ పడనీయలేదో వారిని చూచి వచ్చారు. బిషప్పు గారి ప్రసంగములు దీనికి కొంతవరకే కారణము. తాగుట మానిన ఇల్లు, అప్పు తీర్చిన కూలివాడు ఎక్కువ కారణము.

డబ్బు విషయము మీద మరికొంచెము ఆగుతాను, ఎందుకంటే మన కమిటీలలో ఎక్కువ కాలము పోయేది దీనిమీదనే. కూటికి లేనివారిని కానుక అడుగుట పాపమని ఆ దినములలో దయగల మిషనరీలే అనేవారు. అజరయ్య గారు ఒప్పుకొనలేదు. మకెదోనియ సంఘములు తమ నిరుపేదతనములోనే ధారాళముగా ఇచ్చాయని పౌలు వ్రాశాడు. ఎల్లప్పుడు పుచ్చుకొనే చేయి ఎప్పటికీ భిక్షపు చేయిగానే ఉంటుంది. నాణెములు లేనివారు గింజలు ఇచ్చారు. తల్లి వంటకు బియ్యమో జొన్నలో కొలిచినప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారము ఆ కుండ గుడికి వస్తుంది. కోతల కాలములో ధాన్యము, కోళ్ళు, గ్రుడ్లు, గుమ్మడికాయలు బలిపీఠము దగ్గరకు వచ్చేవి. వేలము పాడి డబ్బు చేసేవారు. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన ఒక పుస్తకము వ్రాయగా, అది పలు భాషలలోనికి వెళ్ళినది. పిడికెడు బియ్యము ఇప్పటికీ మన స్త్రీల మైత్రిలో తెలిసిన మాటే. ఆ పిడికెడు రోజూ తీయవలసి వచ్చుటలోనే ఆ ఏర్పాటు లోతు ఉన్నది. ఏడాదికొకసారి ఉత్సాహములో ఇచ్చుటకు జ్ఞానము అక్కరలేదు. ప్రతిదినము, పిల్లలు ఆకలిగా చూస్తుండగా, ఎంత తీయవలెనో తల్లి నిర్ణయించుకోవలెను.

దోర్నకల్లు దేవాలయము 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు, ప్రతిష్ఠించబడినది. గుమ్మటాలు, మినారులు, మండపపు స్తంభాలు కలిసిన ఆ కట్టడమును గూర్చి చాలామంది వ్రాశారు గనుక నేను వ్రాయను. గ్రామస్థుడు లోపలికి వచ్చినప్పుడు పరదేశపు ఇంటిలో అడుగుపెట్టినట్లు ఉండకూడదని ఆయన కోరిక.

1932లో ప్రభుత్వము మత వర్గములకు ప్రత్యేక నియోజకవర్గములు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు స్థానములు వచ్చినవని మనవారిలో అనేకులు సంతోషించారు. బిషప్పు గారు వ్యతిరేకించారు. సంఘము అందరి కొరకు పంపబడినది, అది తన వాటా కొరకు పోరాడే ఒక కులమువలె అయిపోతే ఎవరికి సాక్ష్యము చెబుతుందన్నది ఆయన వాదము. మనవారికి లాభమైనది మనకు మంచిదే అన్న లెక్క ఆయన దగ్గర చెల్లలేదు. దీనిమీద ఇప్పటికీ రెండు అభిప్రాయములున్నాయి. పేదలకు సభలో ఒక గొంతు దొరికేదని అనేవారి మాటలోను బలమున్నది. కాని తన సమాజమునకు నష్టముగా కనబడే వైపు నిలుచుటకు ఎంత ఆలోచన, ఎంత ధైర్యము కావలెనో సంఘ ఎన్నికలలో నిలబడినవారికి తెలుసు.

ఆయన తలపెట్టినవన్నీ నెరవేరలేదు. ఒకే పాత్రలో త్రాగినవారు బయటికి వచ్చి మాలపల్లె, మాదిగపల్లె అని విడిపోవుట ఆయన కాలములో ఆగలేదు. ఆయన జీవితపు చివరి పదేండ్లలో ఈ తగవు ఆయన అధ్యక్ష ఖండమునే బాధించినది. మన పెండ్లి సంబంధాలలో అది ఇంకను ఎక్కడ కూర్చున్నదో నేను చెప్పనక్కరలేదు.

మరొక కోరిక సంఘముల ఐక్యత. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది గురువులు కలిసి మొదలుపెట్టిన సంభాషణలలో ఆయన ముందున్నారు. విడిపోయిన మిషనులు పల్లెవానికి క్రీస్తును ముక్కలు చేసి చూపుతున్నాయన్నది ఆయన బాధ. పాతికేండ్లు కమిటీలు, తీర్మానాలు, సవరణలు, మరల కమిటీలు జరిగాయి. ఆయన విసిగి విడిచిపెట్టలేదు. 1945 జనవరి 1న దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించారు. అక్కడే సమాధి చేశారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి దేవాలయములో ఏర్పడినది. ఆయన ఖండములోని పల్లె సంఘములలో అనేకము ఆ దినమున అందులో చేరాయి. వాటి ఇండ్లలో పిడికెడు బియ్యపు కుండలు అప్పటికీ పొయ్యి ప్రక్కనే ఉన్నాయి.